జాషువ కవి: పాత గ్రంథములలో పొందిన ఊరట

మన ఆరాధనలలో పాడుకునే కీర్తనలు వ్రాసిన పురుషోత్తమ చౌదరి గారిని మనము మరువలేదు. వారి మాటలు ఆదివారము ఆదివారము మన నోట పలుకుతూనే ఉన్నవి. కాని క్రైస్తవ గృహములో పుట్టి, తెలుగు పద్యమును దేశమంతా వినిపించిన గుఱ్ఱం జాషువ గారి పేరు మన సభలలో తలచుకొనుట తక్కువ. పాఠ్యపుస్తకములో వారి పద్యము చదివిన పిల్లలు ఈయన మనవాడేనా అని అడిగితే, అవునని చెప్పి ఊరుకుంటాము. పూర్తి జవాబు చెప్పాలంటే మనకు కొంత ఇబ్బందిగా ఉండే సంగతి కూడా చెప్పవలసి వస్తుంది. నూరేండ్ల పండుగ చేసుకుంటూ మన సంఘములు చేసిన మంచి పనులన్నీ లెక్కపెట్టుకునే ఈ సంచికలో, ఆ సంగతికి కూడా రెండు పుటలు ఇచ్చుట న్యాయమని మాకు తోచినది.

జాషువ గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. ఆ ఊరు చాలా కాలము గుంటూరు జిల్లాలో ఉండి 2022లో పల్నాడు జిల్లాలోకి వచ్చినది. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగ కుటుంబము వారు. ఇంటిలో క్రైస్తవ మతము. ఊరివారి లెక్కలో మాత్రము బాప్తిస్మము ఎవరి కులమునూ మార్చలేదు. తల్లిని బట్టి బిడ్డను అంటరానివానిగానే చూచారు. మన వరంగల్లు పల్లెలలోని క్రైస్తవులకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర లేదు.

1910లో మేరీ గారితో వివాహము జరిగినది. అప్పటికి ఆయనకు పదిహేనేండ్లు. నెలకు మూడు రూపాయల జీతము మీద మిషను పాఠశాలలో పంతులుగా చేరారు. ఆ ఉద్యోగము నిలువలేదు. 1915-16లో రాజమండ్రి వెళ్ళి సినిమా వాచకుడుగా పనిచేశారు. ఈ కాలపు వారికి ఈ ఉద్యోగము తెలియదు గనుక చెప్పుచున్నాము. అవి మూగ సినిమాల రోజులు. తెర మీద బొమ్మ కదులుతూ ఉంటే, పక్కన నిలుచున్న మనిషి కథను, మాటలను గొంతెత్తి చదువుతూ పోవలెను. తరువాత గుంటూరులో లూథరన్ సంఘము వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పదేండ్లు బోధించారు. ఉభయభాషా ప్రవీణులై, 1928 నుంచి 1942 వరకు అక్కడే తెలుగు పండితులుగా ఉన్నారు. యుద్ధకాలములో యుద్ధ ప్రచారకులుగా కూడా పనిచేశారు. పేదరికమునూ కులభేదమునూ తమకు పాఠము చెప్పిన గురువులుగా ఆయన తరువాత తలచుకున్నారు.

ఇంత తిరుగుడులోనూ చదువు మానలేదు. చిన్ననాటి స్నేహితులు దీపాల పిచ్చయ్య శాస్త్రి గారు. తరువాత వారూ పేరున్న కవులైనారు. వారి సాహచర్యములోనే జాషువ గారికి పద్యము మీద మక్కువ పెరిగినది. తిరుపతి వేంకట కవులు, కొప్పరపు కవులు జంటలుగా వెలుగుతున్న రోజులు గనుక, తామూ జంటకవులము కావలెనని ఇద్దరూ ముచ్చటపడ్డారు. కాని పేర్లు ఒకదానితో ఒకటి అతకక మానుకున్నారట. అతికి ఉంటే ఆ ఇద్దరినీ సభలవారు ఒకే వేదిక మీద కూర్చుండబెట్టేవారా అన్నది వేరే ప్రశ్న.

సంస్కృతము జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర చదివారు. మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము ఆయన చెప్పగా నేర్చుకున్నారు. ఒక శాస్త్రి గారు మాదిగ తల్లి బిడ్డకు కాళిదాసును చెప్పుట ఆ రోజులలో చిన్న సంగతి కాదు. చెప్పిన గురువునూ తలచుకోవలెను, అడిగి నేర్చుకున్న శిష్యునీ తలచుకోవలెను. ఏ చదువును తరతరములుగా తనవారికి అందకుండా ఉంచారో, ఆ చదువులోనే ఆయనకు మనసు కుదిరినది. ఊరిలో ఎక్కడ నిలుచున్నా ఎవరో ఒకరు జరుగు అనేవారే. శ్లోకము ముందు కూర్చుంటే ఆ మాట అనేవారు లేరు.

వినుకొండలో ఒకసారి అవధాన సభ జరిగినది. జాషువ గారు అక్కడ తమ పద్యములు చదివారు. పద్యము బాగున్నదా లేదా అన్నది పక్కకు పోయి, తక్కువ కులమువానిని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు లేచారు. ఇటువంటివి ఆయన బ్రతుకులో ఒకటి కాదు, రెండు కాదు.

అది ఊరివారు చేసినది. ఇక మనవారు చేసినది. క్రైస్తవుడై ఉండి హిందూ మత సంబంధమైన రచనలు చేయుచున్నాడని మతపెద్దలు ఆగ్రహించి ఆయనను సంఘమునుండి వెలివేశారు. ఆ సంఘము పేరు, ఆ పెద్దల పేర్లు ఇక్కడ అవసరము లేదు. వారు చెడ్డవారని కూడా మేము అనుట లేదు. విగ్రహములను విడిచి వచ్చిన మొదటి తరముల వారికి వెనుకటి కథలంటే భయము ఉండుట సహజమే. ఎంతో నష్టపడి దాటి వచ్చిన ఏటిలోకి కొడుకు మరల దిగబోతే ఏ తండ్రి ఊరుకుంటాడు? అయితే జరిగినదేమిటి? గుడిలోకి రావద్దన్నవారు ఒక వైపు, చర్చిలోనుండి పొమ్మన్నవారు ఒక వైపు నిలిచారు. నడుమ ఉన్న మనిషికి తోడుగా మిగిలినవి ఆ కావ్యములే.

ఆ పెద్దలకు బొయీథియస్ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని మాకు అనిపిస్తుంది. ఆయన క్రీ.శ. 480 ప్రాంతమున రోమీయుల గొప్ప వంశములో పుట్టిన క్రైస్తవుడు. త్రిత్వమును గురించి గ్రంథము వ్రాసినవాడు. ఇటలీని ఏలుచున్న గోతు రాజు థియోడొరిక్ దగ్గర ఉన్నతమైన పదవిలో ఉండేవాడు. 522లో ఇద్దరు కొడుకులూ ఒకే ఏడాది కాన్సలు పదవి పొందారు. తండ్రికి అంతకన్న ఏమి కావలెను? కాని ఒకటి రెండేండ్లలోనే కథ తిరగబడినది. ఆల్బినస్ అనే పెద్దమనిషి మీద రాజద్రోహ నేరము మోపినప్పుడు ఆయన పక్షమున మాటాడినందుకు బొయీథియస్ మీద కూడా అదే నేరము మోపారు. పావియాలో చెరలో ఉంచి, 524 ప్రాంతమున చంపించారు.

చావు కొరకు ఎదురుచూస్తూ ఆ చెరలో ఆయన ఒక పుస్తకము వ్రాశాడు. అందులో తత్త్వశాస్త్రము ఒక స్త్రీ రూపములో వచ్చి ఖైదీ దగ్గర కూర్చుంటుంది. మొదట అతని ఏడుపంతా వింటుంది. తరువాత, సంపద, పదవి, కీర్తి అనేవి అదృష్టమనే చక్రము మీద ఉన్నవని, చక్రము తిరుగుట దాని స్వభావమేగాని నీ తప్పు కాదని, నీలోని మంచిని ఏ రాజూ జప్తు చేయలేడని మెల్లగా నచ్చజెప్తుంది. ఈ మాటలన్నీ ప్లేటో మొదలైన పూర్వపు గ్రీకుల నుంచి వచ్చినవి. పుస్తకము మొదటి నుంచి చివరి వరకు క్రీస్తు పేరు కనబడదు. అయినా సంఘము దానిని కాల్చివేయలేదు. మఠములలోని సన్యాసులు చేతివ్రాతతో ప్రతులు ఎత్తి కాపాడారు. ఇంగ్లండు రాజు ఆల్ఫ్రెడ్ పేరు మీద దానికి పాత ఇంగ్లీషు అనువాదము ఉన్నది. పావియాలో ఆయనను హతసాక్షిగా గౌరవించే ఆచారమును 1883లో రోము కూడా అంగీకరించినది. అన్యాయమునకు గురియైన క్రైస్తవుడు క్రీస్తుకు ముందటి తత్త్వములో ఊరట వెదకితే అతని విశ్వాసము తరిగిపోయినట్లు ఆనాటి క్రైస్తవులు భావించలేదన్నమాట.

ఇటలీ దాకా ఎందుకు, మన డోర్నకల్ చాలును. నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఆ ఊరు చాలా కాలము మన వరంగల్లు జిల్లాలోనిదే. బిషప్ అజరయ్య గారు అక్కడ కట్టించి 1939లో ప్రతిష్ఠించిన కెథెడ్రల్‌ను చూచినవారు ఈ సంచిక చదువరులలో చాలామంది ఉంటారు. స్తంభములు చూస్తే గుడి గుర్తుకు వస్తుంది, గుమ్మటములు చూస్తే మసీదు గుర్తుకు వస్తుంది. లోపల ఆరాధన మనదే. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలకు రాగతాళములు ఎక్కడివి? ఈ నేలవే. రాగము తెచ్చుకున్నాము, స్తంభము తెచ్చుకున్నాము. పద్యము తెచ్చుకున్నవానిని మాత్రము పొమ్మన్నాము.

ఇంతకూ ఆ పాత చదువులో జాషువ గారికి దొరికిన ఊరట ఎటువంటిదో చూతము. ఆయన ఖండకావ్యములలో శ్మశానవాటి అన్నది అందరూ ఎరిగినది. రాజు, కవి, చిత్రకారుడు, కొత్తగా పెండ్లయిన పడుచు, అందరూ చివరికి చేరేది ఆ బూడిదలోకే. అక్కడ కులము అడిగేవాడు లేడు. ఇది ఆయన కనిపెట్టిన సంగతి కాదు, మన దేశములో వైరాగ్యము చెప్పిన పెద్దలందరూ అన్నదే. మన ప్రసంగి గ్రంథము చదివినవారికి కూడా కొత్త కాదు. అయితే చిన్నప్పటి నుంచి జరుగు జరుగు అనిపించుకున్నవాడు ఆ మాట అంటే దాని బరువు వేరు. ఇతరులకు అది వైరాగ్యము. ఆయనకు అది సమానత్వము.

ఆ పద్యములను నటులు సత్యహరిశ్చంద్ర నాటకములోని కాటి సీనులో చేర్చి పాడుకున్నారు. నాటకము బలిజేపల్లి లక్ష్మీకాంత కవి గారిది, ఆ పద్యములు జాషువ గారివి. తెలుగునాట ఆ నాటకము ఆడని ఊరు అరుదు. హార్మోనియము శ్రుతి మీద హరిశ్చంద్రుడు ఆ పద్యము ఎత్తుకుంటే, కవి ఎదురుగా కూర్చుంటే లేచిపోయేవారు కూడా కన్నీరు పెట్టుకుని మరల పాడమనేవారు. ఆ సీనులో హరిశ్చంద్ర చక్రవర్తి చేసేది ఏమిటి? చండాలునికి అమ్ముడుపోయి కాటికి కాపలా కాయుట. అక్కడ ఈ కవి పద్యమే వచ్చి కూర్చుండుట ఎవరో ఏర్పాటు చేసినట్లు ఉన్నది.

అయితే చచ్చిన తరువాత అందరూ సమానమే అన్న ఊరట ఎంతసేపు నిలుస్తుంది? బ్రతికినంత కాలము మాట ఏమిటి? జాషువ గారు అక్కడ ఆగిపోలేదు.

1932లో ఫిరదౌసి కావ్యము వచ్చినది. పారసీక దేశపు మహాకవి కథ. గజనీ మహమ్మదు పద్యమునకొక బంగారు నాణెము ఇస్తానన్నాడు. కవి ముప్పది ఏండ్లు శ్రమపడి అరువది వేల పద్యములు వ్రాసి తెచ్చాడు. సుల్తాను మాట తప్పి వెండి నాణెములు పంపాడు. మనసు విరిగిన కవి ఆ వెండిని తిరగగొట్టి, తన బాధను మసీదు గోడ మీద వ్రాసి ఊరు విడిచాడు. సుల్తానుకు బుద్ధి వచ్చి బంగారము పంపేసరికి కవి లేడు. కూతురు ఆ సొమ్ము ముట్టలేదు. మన బమ్మెర పోతన రాజుల జోలికే పోక భాగవతమును శ్రీరామునికి అంకితము చేశాడు గనుక ఈ బాధ తప్పినది. ఫిరదౌసి రాజు మాట నమ్మాడు. జాషువ గారు ఎవరి కథను ఎన్నుకున్నారో చూడండి. దేశము వేరు, మతము వేరు, కాలము తొమ్మిది వందల ఏండ్ల వెనుకటిది. అయినా పనికి తగిన మర్యాద దొరకని మనిషిని ఆయన అంత దూరములో కూడా గుర్తుపట్టారు.

1941లో గబ్బిలము వచ్చినది. హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర చదివిన మేఘసందేశము ఇక్కడ పనికి వచ్చినది. కాళిదాసు కథలో యక్షుడు పనిలో ఏమరి, యజమాని శాపముతో ఏడాది పాటు భార్యకు దూరమై, పోయే మబ్బును చూచి కబురు చెప్పుమని వేడుకుంటాడు. జాషువ గారి కథలో యక్షుడు లేడు, ఆకలితో ఉన్న అంటరానివాడు ఉన్నాడు. అతని శాపమునకు ఏడాది గడువు లేదు. భార్యకు కాదు, కాశీ విశ్వనాథునికి కబురు పంపవలెను. మనిషిగా పుట్టినందుకు తనకు గుడిలో ప్రవేశము లేదు. తలక్రిందులుగా వ్రేలాడే గబ్బిలమునకు గర్భగుడి దాకా అడ్డు లేదు. కాబట్టి దానినే బ్రతిమాలుకుంటాడు, పూజారి లేని సమయము చూచి దేవుని చెవిలో వేయుమంటాడు. చదివి నవ్వవలెనో ఏడవవలెనో తెలియదు.

శివునికి మొర పెట్టించాడు గనుక ఇది అన్యమత రచన అని తేల్చివేసేవారు ఒక సంగతి చూడరు. కావ్యములో ఆ మాటలు అనేది గుడి బయట నిలిచిన మాదిగవాడు. అతనికి తెలిసిన దేవుని తలుపే అతడు తట్టుతాడు. పైగా అతడు అడుగునది ఏమిటి? నీవు పూర్వజన్మలో చేసుకున్న కర్మ ఇది, నోరు మూసుకుని అనుభవించుమని తనకు చెప్పుచున్నారు. ఆ కర్మ అనేది ఏమిటో, దానికి తన మీద ఎందుకింత పగో స్వామి నోటనే రుజువు చేయించుమని అడుగుతాడు. జాషువ గారి జీవితమంతటిలో మాకు ముఖ్యముగా కనబడేది ఇదే. ఆయన పాత చదువునంతా నెత్తిన పెట్టుకొనలేదు, అంతా విసిరి పారవేయనూ లేదు. కాళిదాసు దగ్గర నడక తీసుకున్నారు. కాటి వైరాగ్యములో సమానత్వము తీసుకున్నారు. కర్మ సిద్ధాంతము దగ్గరకు వచ్చేసరికి సాక్ష్యము చూపుమన్నారు.

బొయీథియస్‌ను ఓదార్చిన తత్త్వము తప్పు నీది కాదు అన్నది. గబ్బిలములోని మనిషికి చెప్పిన తత్త్వము తప్పు నీదే, నీకు జ్ఞాపకము లేదంతే అన్నది. మొదటిదానిని పట్టుకుని మనిషి చావుకు ఎదురు నిలువగలడు. రెండవదానిని నమ్మితే తన మీద పడిన దెబ్బను కూడా తానే సమర్థించుకోవలసి వస్తుంది. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు వేసిన ప్రశ్న మనకు తెలిసినదే. పాపము వీనిదా, కన్నవారిదా అని వారు అడిగారు. ప్రభువు ఇద్దరిదీ కాదన్నాడు. యోబు స్నేహితులు కూడా పుండ్లతో కూర్చున్నవానికి ఇటువంటి లెక్కే చెప్పి దేవుని చేత చీవాట్లు తిన్నారు. గబ్బిలములోని ప్రశ్న మన బైబిలుకు పరాయిది కాదు. ఆయనను వెలివేసిన పెద్దలు పద్యములో శివుని పేరు చూచారు గాని ఈ ప్రశ్నను చూడలేదు. బీదవాడు కష్టము చెప్పుకోవడానికి వస్తే, నీ పాపమేదో ఉంటుందని మనలో కూడా అనేవారు లేకపోలేదు.

మర్యాదలు ఆలస్యముగా వచ్చినవి, వచ్చినప్పుడు బాగానే వచ్చినవి. కవికోకిల, నవయుగ కవి చక్రవర్తి అనే బిరుదులు వచ్చినవి. తిరుపతి వేంకట కవులలో మిగిలియున్న చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి గారు ఆయన కాలికి గండపెండేరము తొడిగారు. గండపెండేరము చేతికి ఇచ్చేది కాదు, కాలికి తొడిగేది. పాదము ముట్టుకోనిదే అది కుదరదు. అవధాన సభలో జరిగినది తెలిసినవారికి ఇంతకన్న చెప్పనక్కర లేదు. 1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులైనారు. 1970లో పద్మభూషణ్ వచ్చినది.

కేంద్ర సాహిత్య అకాడమీ వారు 1964లో ఆయనకు బహుమానము ఇచ్చినది గబ్బిలమునకు కాదు, ఫిరదౌసికి కాదు. క్రీస్తు చరిత్ర అనే కావ్యమునకు. సంఘము బయటకు నెట్టినవాడు వయసు మళ్ళిన తరువాత ప్రభువు జీవితమును చేతికి తీసుకుని, పురాణములు చెప్పిన పద్యములలోనే దానిని చెప్పాడు. ఏ పద్యవిద్య కొరకు ఆయనను వెలివేశారో ఆ విద్య లేనిదే ఆ కావ్యము లేదు. మన సంఘ గ్రంథాలయములలో అది ఎన్ని చోట్ల ఉన్నదో ఎవరికి వారు చూచుకోవచ్చును.

జాషువ గారు 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. కుమార్తె హేమలత గారు నాస్తికవాది గోరా గారి కుమారుడు లవణం గారిని వివాహము చేసుకున్నారు. తండ్రి క్రైస్తవుడు, తాను చేరినది నాస్తికుల ఇల్లు. అయితే ఆమె పనిచేసిన చోటు చూడండి. మన తెలంగాణములోనే నిజామాబాదు జిల్లా పల్లెలలో, దళితుల ఆడపిల్లలను దేవుని పేరు చెప్పి జోగినులుగా విడిచిపెట్టే ఆచారమును మాన్పించుటకు ఆమె ఏండ్ల తరబడి తిరిగారు. ఇది నా తలవ్రాత అని ఆ పిల్లలు కూడా నమ్మి ఉన్న ఊళ్ళవి. ఆమె 2008లో మరణించారు.